పాలపొడి డబ్బాలో పిడికెడు బియ్యం

దయ్యాల్ని నేను ఎన్నడూ నమ్మలేదు. ఈ నాలుగు ముక్కలు చదివాక మీరు నమ్మాలని కూడా నా ఉద్దేశం కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి బతికినవాణ్ణి. రుజువు లేనిదాని పక్కన టిక్కు పెట్టడం నా చేతికి రాదు.

దేవుణ్ణి నమ్మే పని కూడా పెళ్లయిన మర్నాడే మా ఆవిడకు అప్పజెప్పేశాను. పుట్టుకతో క్రైస్తవుణ్ణే. క్రిస్మస్‌కు కొత్త చొక్కా, గుడ్‌ఫ్రైడేకి తెల్ల చొక్కా, అక్కడితో నా భక్తి సరి. మిగతా ఆదివారాలు ఆమెను బండి మీద చర్చి దగ్గర దింపి, ఎదురుగా ఉన్న హోటల్లో టీ తాగుతూ పేపరు చదివేవాణ్ణి.

ఆమె పేరు ఎస్తేరు. మాది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో సందుకో కోచింగ్ సెంటర్ వెలుస్తున్న రోజుల్లో పాఠాలు చెప్పడానికి వచ్చి, కొత్తపేటలో రెండు గదుల వాటా తీసుకుని ఉండిపోయాం. పిల్లలు లేరు. మా చర్చి ఎల్బీనగర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపు పైన రేకుల షెడ్డు. కింద ఇనుప రాడ్లు కోస్తుంటే పైన పాస్టరుగారి ప్రసంగం సగం వినపడేది కాదు. అందుకే అంత ప్రశాంతంగా ఉంటుందని నేను ఆమెను ఉడికించేవాణ్ణి.

మా వైపు క్రైస్తవుల ఇళ్లలో ఒక అలవాటు ఉంది. అన్నం వండడానికి బియ్యం తీసినప్పుడు, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వంతు. ఇంట్లో గింజ లేకపోయినా దాని జోలికి పోరు. నెలకోసారి చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు అన్ని ఇళ్ల డబ్బాలూ పోగుచేసి, వండి, లేనివాళ్లకు పెడతారు. మా చర్చివాళ్లు మలక్‌పేట సర్కారు దవాఖాన గేటు దగ్గర రోగుల తాలూకు మనుషులకు పెట్టేవాళ్లు.

ఎస్తేరు డబ్బా ఒక పాత పాలపొడి డబ్బా. రోజూ పొద్దున పిడికెడు వేసేటప్పుడు ఒక స్తోత్రం చెప్పేది. పెద్ద పెద్ద మాటలేం కాదు. గ్యాస్ అయిపోకముందే బండ వచ్చింది, స్తోత్రం. ఆయనకు బస్సులో సీటు దొరికింది, స్తోత్రం. పక్కవాటా వాళ్ల కుక్క రాత్రి అరవలేదు, స్తోత్రం. కుక్క నోరు మూసుకున్నందుకు కూడా దేవుడికి వాటా ఇవ్వాలా అని నేననేవాణ్ణి.

నాకు షుగర్ వచ్చినప్పుడు అన్నం తూచి తినమన్నారని చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొన్నాను. ఒక రోజు సరదాకి ఎస్తేరు పిడికెడు తూచాను. యాభై రెండు గ్రాములు. మళ్లీ తీయమన్నాను. యాభై రెండు. ఐదుసార్లు తీయించినా గ్రాము అటూ ఇటూ లేదు. "దేవుడికి కూడా మార్కులు వేస్తున్నారా మాస్టారూ?" అని పగలబడి నవ్వింది.

ఒక శనివారం సాయంత్రం ఆమెకు జ్వరం మొదలైంది. ఆ మధ్యాహ్నమే రాజమ్మ వచ్చి డబ్బా ఖాళీ చేసుకుని, కడిగి ఆరబెట్టి ఇచ్చి వెళ్లింది. రాజమ్మ సైదాబాద్‌లో జాకెట్లు కుడుతుంది, స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. ఆ రోజే మా బియ్యం డ్రమ్ము కూడా అడుగంటింది. రేపు తెద్దాంలే అనుకున్నాం. రేపటికల్లా ఎస్తేరు ఆస్పత్రిలో ఉంది.

పదకొండు రోజులు ఉంది. నేను హోటల్లో తింటూ, స్నానానికి మాత్రం రాజమ్మను ఆమె దగ్గర కూర్చోబెట్టి ఇంటికి పోయి వస్తూ ఉన్నాను. రోజూ పొద్దున నేను వెళ్లగానే ఆమె మొదటి మాట ఒకటే.

"ఏమండీ, పిడికెడు వేశారా?"

"వేశాను."

"ఏమని చెప్పారు?"

ఇక్కడే నా పతనం మొదలైంది. నేను వండిందీ లేదు, వేసిందీ లేదు. నిజానికి ఆ రోజుల్లో దేవుడి పేరెత్తితే నాకు ఒళ్లు మండేది. కానీ ఆమె కళ్లు చూస్తే కాదనడానికి నోరు రాదు. ఏదో ఒకటి అల్లి చెప్పేవాణ్ణి. నీళ్లు టైముకు వచ్చాయని. లిఫ్టులో జనం లేరని. రోజుకొక అబద్ధం. ఆమె "మంచిది" అని కళ్లు మూసుకునేది. సూది గుచ్చిన కుడిచెయ్యి దుప్పటి మీద మెల్లగా మూసుకుని, మళ్లీ విప్పుకునేది. నొప్పేమో అనుకున్నాను. నర్సును అడిగితే, సూదికి అలాగే ఉంటుంది సార్ అంది. ఏడో రోజుకు వేలికి ఉంగరం నిలవక జారిపోతుంటే తీసి నా జేబులో వేసుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున నేను వెళ్లేసరికి అడగడానికి ఆమె లేదు.

సమాధి కార్యక్రమం అయింది. మూడో రోజు ఆదరణ కూడిక అయింది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున టీ పెట్టుకుందామని టీపొడి వెతుకుతూ ఆ పాలపొడి డబ్బా మూత తీశాను. అందులో బియ్యం ఉన్నాయి. మేం ఎప్పుడూ తినే సన్నబియ్యం. సగం డబ్బా దాకా, పైన పిడికిలి విప్పి పోసినట్టు చిన్న కుప్పగా ఉన్నాయి.

చావు ఇల్లు కదా, వచ్చిన ఆడవాళ్లలో ఎవరో వేసి ఉంటారనుకున్నాను. అలా అనుకుని ఊరుకోవాల్సింది. ఊరుకోలేక కాటా మీద పోశాను. ఐదు వందల డెబ్బై రెండు. భాగహారం నేను చెయ్యనక్కర్లేదు, దానంతటదే అయిపోతుంది. పదకొండు యాభై రెండులు.

నేను వంటింట్లో స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

అయినా నేను మాస్టార్ని. యాదృచ్ఛికం అనే మాట నాకు తెలుసు. ఆ బియ్యాన్ని ఒక సంచీలో కట్టి రాజమ్మకు ఇచ్చేశాను. ఎక్కడివని చెప్పలేదు. డబ్బా కడిగి బోర్లించాను. బియ్యం వేసినవాళ్లు ఎవరైనా ఇంటి తాళంచెవి ఉన్నవాళ్లే అయ్యుండాలని, తాళం కూడా మార్పించాను. కొత్త తాళానికి ఒక్కటే చెవి నా దగ్గర పెట్టుకుని, మిగతావి విరిచి పారేశాను. తాళాలు చేసేవాడు నన్ను అదోలా చూశాడు.

అప్పట్నుంచి రాజమ్మ రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసేది. ఒంటరిగా ఉన్నాడు, తింటున్నాడో లేదోనని కాబోలు అనుకున్నాను.

"తిన్నరా సార్? పిడికెడు ఏసిన్రా?"

మొదటి రోజు ఆలోచించకుండానే "వేశానమ్మా" అన్నాను. పదకొండు రోజులు అలవాటైన నోరు.

"ఏమని చెప్పిన్రు?"

"కరెంటు పోలేదని."

"మంచిగ చెప్పిన్రు సార్" అని పెట్టేసింది. నిజానికి నేను డ్రమ్ములో బియ్యం కూడా పోయలేదు. సాయంత్రం క్లాసు నుంచి వచ్చి డబ్బా తీశాను. కాటా మీద పోశాను. యాభై రెండు.

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాను. తలుపులు మూసి, ముందు రోజు బియ్యం ఒక సంచీలోకి మార్చేసి, ఖాళీ డబ్బా వంటింటి గట్టు మీద ఎదురుగా పెట్టుకున్నాను. పట్టపగలు. కింద సందులో ఉల్లిగడ్డల ఆటో మైకులో అరుస్తూ పోతోంది. తొమ్మిదికి రాజమ్మ ఫోన్ చేసింది. ఈసారి మెట్రోలో సీటు దొరికిందని చెప్పాను. ఫోన్ పెట్టిన వెంటనే డబ్బా లోపల చిన్న చప్పుడైంది. ఖాళీ రేకు మీద గింజలు రాలిన చప్పుడు. వండే ఇల్లాలు ఎవరైనా ఆ చప్పుడు గుర్తుపడుతుంది. మూత కదల్లేదు. నేను కళ్లు తిప్పలేదు.

మూత తీయడానికి నాకు గంట పట్టింది. యాభై రెండు.

మూడో రోజు పరీక్షగా నిజం చెప్పాను. "లేదమ్మా, వేయలేదు" అన్నాను. రాజమ్మ "సరే సార్" అని పెట్టేసింది. ఆ రోజు డబ్బా ఖాళీగా ఉంది. సాయంత్రం దాకా నాలుగుసార్లు తీసి చూశాను. గింజ లేదు. బియ్యం పడ్డ రోజు కలిగిన భయం కంటే ఆ ఖాళీ డబ్బా చూసిన దిగులు ఎక్కువ. ఇల్లు నిజంగా ఖాళీ అయింది ఆ రోజే అనిపించింది.

మీరు నన్ను ఏమన్నా అనుకోండి. నాలుగో రోజు నుంచి నేను కావాలనే అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను.

అబద్ధం చెప్తే ఆమె వస్తుంది. అంతే నాకు అర్థమైంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచే ఫోన్ దగ్గర కూర్చునేవాణ్ణి. ముందు రోజే స్తోత్రం అల్లి పెట్టుకునేవాణ్ణి. తలనొప్పి తగ్గిందని. ఇంటాయన కిరాయి పెంచలేదని. ఎస్తేరు చెప్పేలాంటివే, ఆమె మాటల్లోనే. ఫోన్ పెట్టి చెవి డబ్బా మీద ఆనించేవాణ్ణి. గింజలు రాలి పడేవి. ఆ రెండు క్షణాలు నా పక్కన మా ఆవిడ నిలబడి ఉంది. మనిషి కనపడకపోయినా, వాసన లేకపోయినా, ఉందని నాకు తెలుసు. దాని కోసం బతికాను.

చర్చిలో కూడా పేరొచ్చింది. ఈ మాస్టారు ఎట్లా ఉండేవాడు, ఎట్లా మారాడు అన్నారు. ఇప్పుడు హోటల్లో కూర్చోకుండా లోపలికే వెళ్తున్నాను కదా. ఒక ఆదివారం పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. మైకు పట్టుకుని, నా భార్య పోయినా నా హృదయంలో ఎంతో శాంతి, సమాధానం ఉందనీ, రోజూ కృతజ్ఞతతో పిడికెడు వేస్తున్నాననీ చెప్పాను. నా హృదయంలో ఉన్నది ఒక డబ్బా మాత్రమే. అందరూ హల్లెలూయ అన్నారు. రాజమ్మ అనలేదు. ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది.

ఇంటికొచ్చి డబ్బా తీశాను. కాటా మీద నలభై నాలుగు వచ్చింది.

కాటా బ్యాటరీ అనుకుని మార్చాను. నలభై నాలుగే. మర్నాడు నలభై మూడు. ఆ వారం చివరికి ముప్పై ఐదు. తర్వాత వారం ఇరవై ఎనిమిది. రాలే చప్పుడు కూడా పలచబడింది. ఒక రోజు గింజలు ఒక్కసారిగా కాక, ఆగి ఆగి పడ్డాయి. పిడికిలి బిగించే శక్తి లేక వేళ్ల సందుల్లోంచి జారినట్టు.

అప్పుడు నాకు ఆస్పత్రిలో ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఉంగరం జారిపోయిన చెయ్యి.

తెలిసి కూడా ఇంకో నాలుగు రోజులు అబద్ధం చెప్పాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇవాళ ఒక్కరోజు, ఇవాళ ఒక్కరోజు అనుకుంటూ చెప్పాను. పంతొమ్మిది. పద్నాలుగు. తొమ్మిది. ఆఖరి రోజు ఆరు గ్రాములు వచ్చాయి. అరచేతిలో పోసుకుంటే గుంట కూడా నిండలేదు.

నేను వేయాల్సిన పిడికెడును ఆమె వేస్తోంది. పోయినా ఆమెకు విశ్రాంతి లేదు. బతికున్నప్పుడు దేవుడి పని మొత్తం ఆమె మీద పడేశాను, ఇప్పుడు కూడా ఆమె చేతే చేయించుకుంటూ ఆమెను అరగదీస్తున్నాను. వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

మర్నాడు రాజమ్మ ఫోన్ చేస్తే నేను తీయలేదు. నాలుగుసార్లు మోగింది. మోగనిచ్చాను. సందు చివర కిరాణా కొట్లో ఐదు కిలోల బియ్యం సంచీ కొనుక్కొచ్చాను. గిన్నెలోకి ఒక గ్లాసు తీసుకున్నాను. కడగకముందు అందులోంచి పిడికెడు తీశాను. తీశాక చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. స్తోత్రం చెప్పాలి. ఇన్ని రోజులు అన్ని అల్లినవాణ్ణి, నిజంది ఒక్కటి దొరకలేదు. కరెంటు ఉంది. నీళ్లొచ్చాయి. అవి నిజమే, కానీ వాటి గురించి నాకు ఏ కృతజ్ఞతా లేదు. ఉత్త చేత్తో నిలబడ్డట్టే ఉంది. చెయ్యి నొప్పెట్టింది. వేళ్ల సందుల్లోంచి ఒకటీ రెండూ గింజలు జారుతున్నాయి.

చివరికి నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పదకొండు రోజులు అడిగింది ప్రభువా. పొద్దున్నే నేను వెళ్లేసరికి అడగడానికి ఉంది. స్తోత్రం."

పిడికిలి విప్పాను. గింజలు రేకు మీద పడ్డాయి. ఈసారి చప్పుడు నాది.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి నాకు మాటలు తక్కువ. ఏమీ జరగలేదు. స్టవ్ వెలిగించాను, అన్నం పెట్టాను. ఎన్నాళ్లుగానో ఛాతీ మీద కూర్చున్న బరువు ఎప్పుడు లేచిపోయిందో తెలియదు, అన్నం ఉడుకుతుంటే చూస్తూ నిలబడ్డప్పుడు లేదు. సమాధానం, సమాధానం అని ప్రతి ప్రార్థనలో అంటుంటారు, ఇదా అది అనుకున్నాను. పచ్చడేసుకుని కడుపునిండా తిన్నాను. షుగర్ సంగతి మర్చిపోయి రెండోసారి కూడా పెట్టుకున్నాను.

సాయంత్రం డబ్బా తూచాను. ఎనభై ఒకటి. నా చెయ్యి పెద్దది, మళ్లీ పిడికెడు తీసి తూచినా అంతే. ఆమె వంతు ఒక్క గ్రాము కూడా లేదు.

ఆదివారం నేనే లేచి మైకు అడిగాను. మొన్న చెప్పిన సాక్ష్యం అబద్ధమని చెప్పాను. ఆస్పత్రిలో నా భార్యతో పదకొండు రోజులు అబద్ధమాడాననీ, తర్వాత రాజమ్మగారితో ఆడాననీ, మొన్న గురువారం నుంచే వేస్తున్నాననీ చెప్పాను. డబ్బా సంగతి చెప్పలేదు. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. కింద రాడ్లు కోస్తున్న చప్పుడు బాగా వినిపించింది.

మెట్లు దిగుతుంటే రాజమ్మ వెనకే వచ్చింది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాకెరుకే సార్. మొదటిసంది ఎరుకే."

"ఏం ఎరుక?"

"మీరు ఏస్తలేరని. దవాఖానల ఎస్తేరే చెప్పింది. మీరు స్నానానికి పోయినప్పుడు నేను కూసున్న కదా. గప్పుడే చెప్పింది. మా ఆయన వేయట్లేదక్కా, అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి ఆయనకి, అని నవ్వింది. ఆయన పేరు మీద నేనే వేస్తున్నాలే అన్నది."

"ఎట్లా వేసింది? మంచం మీద ఉంది కదా."

రాజమ్మ తన కుడిచెయ్యి ముందుకు చాచింది. మెల్లగా మూసింది. మెల్లగా విప్పింది.

"గిట్ల. మీరు ఏసిన అన్నప్పుడల్లా గిట్ల ఏసేది. ఆయన చేతితోని నిజంగ ఏసేదాక అడుగుతనే ఉండక్కా, ఆపకు, అని నాతోటి ఒట్టు ఏయించుకున్నది. గందుకే రోజూ ఫోన్ చేసిన సార్. నేనేం పరేషాన్ జెయ్యాలని కాదు."

సూది నొప్పి అనుకున్నాను. పదకొండు రోజులు నా కళ్లెదుటే వేసింది.

అప్పుడు రాజమ్మకు డబ్బా సంగతి మొత్తం చెప్పాను. ఆవిడే వేసిందేమోనన్న అనుమానం నాకు లోలోపల చాలా రోజులు ఉంది కాబట్టి ముఖం చూస్తూ చెప్పాను. ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "బియ్యం ఎట్ల ఒస్తయి సార్, జర నిద్రపోండ్రి మంచిగ" అంది. నేను ముందు ఇచ్చిన సంచీ గురించి కూడా అడిగాను. "గా బియ్యమా? వండి పెట్టినం కదా గేటు కాడ. అన్నం మంచిగ అయింది. అందరికి సరిపోయింది" అంది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇద్దరు ముగ్గురు చదువుకున్న స్నేహితులకు చెప్పాను. దుఃఖంలో మనిషి తనే వేసి మర్చిపోతాడు అన్నారు. కావచ్చు. డ్రమ్ములో గింజ లేని రోజున ఎక్కణ్ణుంచి తెచ్చి వేశానని అడిగితే చెప్పలేకపోయారు. నా చేత్తో వేస్తే ఎనభై ఒకటి ఎందుకు రాలేదని అడిగితే కూడా చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. ఎన్ని పద్ధతుల్లో చేసినా ఈ లెక్క నాకు తేలలేదు.

రాజమ్మ ఇప్పుడు రోజూ ఫోన్ చెయ్యదు. నేనే చేసి చెప్తాను, వేశానమ్మా అని. నిజంగానే వేస్తాను. నిన్న పక్కవాటా కుక్క అరవలేదని చెప్పాను.

ఫోన్ పెట్టాక ఇప్పటికీ ఒక నిమిషం చెవి డబ్బాకు ఆనిస్తాను. ఏమీ వినపడదు. మూత పెట్టేసి, బియ్యం కడగడానికి పోతాను.